మాల తీసిన మర్నాడు: పశ్చిమ ప్రకాశంలో పొగ మానాలన్న ఇష్టం, చుట్టూ ఉన్నవారి పాత్ర

పొగతాగేవాడికి మానాలని ఉండదన్నది మన సమాజంలో పాతుకుపోయిన నమ్మకం. లెక్కలు అలా చెప్పడం లేదు. 2016–17లో దేశమంతటా జరిగిన వయోజనుల పొగాకు సర్వేలో, పొగతాగేవారిలో నూటికి 55 మందికి పైగా మానాలని ఆలోచిస్తున్నామనో, మానేందుకు సిద్ధపడుతున్నామనో చెప్పారు. అంతకుముందు పన్నెండు నెలల్లో మానడానికి ప్రయత్నించినవారు నూటికి 38 మంది. కాబట్టి ఇష్టం ఉందా లేదా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న కాదు. ఉన్న ఇష్టం ఎందుకు నిలవడం లేదు, ఎవరి మధ్య నిలుస్తోంది అన్నవే తేల్చాల్సినవి. మానాలన్న ఇష్టాన్ని మనిషి గుండెలో ఒంటరిగా పుట్టి ఒంటరిగా చచ్చిపోయే సంకల్పంగా చూడడం పొరపాటని ఈ వ్యాసం వాదిస్తుంది. ఇతరుల ప్రోత్సాహం దాన్ని బలంగా కదిలిస్తుంది. అయితే ఆ బలం చెప్పే మాటల్లో కొద్దిగానే ఉంది. ప్రోత్సహించేవారు తమ నడవడిని మార్చుకోవడంలో, మళ్లీ వచ్చి అడగడంలో చాలా ఎక్కువగా ఉంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం, ఎర్రగొండపాలెం ప్రాంతానికి ఈ ప్రశ్న పుస్తకాల చర్చ కాదు. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వయోజనుల్లో పొగతాగేవారు 14 శాతం పైచిలుకు, నమిలే పొగాకు వాడేవారు 7 శాతం. దేశం మొత్తం మీద నమిలేవారే ఎక్కువ. మన రాష్ట్రంలో పొగదే పైచేయి. పల్లెల్లో ఆ పొగ ఎక్కువగా బీడీ, చుట్ట. మార్కాపురం పేరు చెప్పగానే గుర్తొచ్చే పలకల పనిలో రాయి తీసేటప్పుడు, కోసేటప్పుడు లేచే ధూళిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులను గట్టిపరిచి సిలికోసిస్ తెస్తుంది, క్షయకు దారి సుగమం చేస్తుంది. పొగ కూడా క్షయ ముప్పును పెంచుతుంది. ధూళి, పొగ రెండూ ఒకే ఛాతీలోకి పోయే కూలీకి బీడీ మానడమన్నది ఆయుష్షుకు సంబంధించిన విషయం. అయితే పనిచోట బీడీ ఒంటరిగా వెలగదు. పని ఆపి నీడకు చేరినప్పుడు ఒకరు కట్ట తీస్తారు, ఇంకొకరు అగ్గిపుల్ల గీస్తారు, "ఒక దమ్ము కొట్టు బావా" అని పక్కవాడికి అందుతుంది. కాదంటే బీడీని కాదన్నట్టు ఉండదు, బావను కాదన్నట్టుంటుంది. మానాలనుకున్నవాడు రోజుకు ఎన్నిసార్లు ఈ మర్యాదను తోసిపుచ్చాలో ఆలోచిస్తే, సంకల్పబలం లేదని అతణ్ణి నిందించడం ఎంత అన్యాయమో తెలుస్తుంది.

ప్రోత్సాహానికి నిజంగా ఫలితం ఉందా? వైద్యుల సలహా మీద జరిగిన పరిశోధన ఇక్కడ బాగా పనికొస్తుంది. మైకేల్ రసెల్ బృందం లండన్‌లోని ఐదు వైద్యశాలల్లో 2,138 మంది పొగరాయుళ్లను పరిశీలించి 1979లో ఫలితాలు ప్రచురించింది. ఏ జోక్యమూ లేనివారిలో ఏడాది పాటు మానినవారు 0.3 శాతం, వైద్యుడు మానమని చెప్పినవారిలో 3.3 శాతం, సలహాతో పాటు ఒక కరపత్రం ఇచ్చి, తర్వాత మళ్లీ విచారిస్తామని చెప్పినవారిలో 5.1 శాతం. చిన్న అంకెలే. కానీ ఆ పెరుగుదలలో, మళ్లీ ఎవరో అడుగుతారన్న ఎరుకకు కూడా కొంత వాటా ఉంటుందని నా అభిప్రాయం. మన దగ్గరి అనుభవం దీనికి దూరంగా లేదు. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల పల్లెల్లో 36 వేల మందికి పైగా పొగాకు వాడేవారిని ఏటేటా కలిసి, నోరు పరీక్షించి, మానమని విడివిడిగా చెప్పిన సుదీర్ఘ అధ్యయనం 1986లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటున్న శ్రీకాకుళం పల్లెలు కూడా అందులో ఉన్నాయి. కేరళ పల్లెల్లో పొగతాగే పురుషులపై జరిపి 2013లో ప్రచురించిన మరో ప్రయోగంలో, పదేపదే కలిసి మాట్లాడిన వర్గంలో ఏడాది తర్వాత 14.7 శాతం, మిగతా వర్గంలో 6.8 శాతం మానారు. ఇంత తెలిసీ, 2016–17 సర్వే నాటికి ఆస్పత్రికి వెళ్లిన పొగరాయుళ్లలో సగం మందికైనా మానమని చెప్పినవారు లేరు. ఇది బాధ కలిగించే విషయం.

అయితే పశ్చిమ ప్రకాశంలో మానడం గురించి అధ్యయనం చేయాలనుకునేవారికి క్లినిక్ కంటే విలువైన చోటు ఒకటి కళ్లెదుటే ఉంది. కార్తీకం రాగానే వేసే అయ్యప్ప మాల అది. మండల దీక్ష 41 రోజులు. పొగ, మద్యం నిషిద్ధం. త్రిపురాంతకం మీదుగా శ్రీశైలం వెళ్లే శివ దీక్షాపరులకూ ఇలాంటి నియమమే. రోజుకు రెండు కట్టలు కాల్చినవాడు ఒక ఉదయం హఠాత్తుగా ఆపేస్తాడు. మందు లేదు, మాత్ర లేదు. చుట్టూ ఏం మారిందో చూడండి. నిన్నటిదాకా "ఒరే" అన్నవాడు ఇవాళ "స్వామీ" అంటాడు. బీడీ అందించే చేయి ఆగిపోతుంది. ఎదుట వెలిగించాల్సి వస్తే పక్కకు వెళ్తాడు. ఇంట్లో వంట మారుతుంది. సాయంత్రం టీ బంకు దగ్గర గడిచే వేళ భజనలో గడుస్తుంది. మాల వేసిన గురుస్వామి రోజూ కనిపిస్తాడు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు. కాదనాల్సిన మర్యాదను ఊరే మొదటినుంచి తప్పిస్తుంది. నికోటిన్ మానినప్పుడు వచ్చే చిరాకు, నిద్రలేమి, తపన మొదటి వారంలో తీవ్రంగా ఉండి, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు తగ్గిపోతాయి. అంటే మాల తీసే నాటికి కష్టమైన భాగం దాటినట్టే. అయినా తీసిన మర్నాడే బీడీ ముట్టించేవారు ఎంతమందో ఊరందరికీ తెలుసు. ఇలా మళ్లీ మొదలుపెట్టడాన్ని ఒంటి అవసరం ఒక్కటే వివరించలేదు.

దీన్ని భక్తి, దైవభయం అనాలి గానీ మనుషుల ప్రోత్సాహం అనడమేమిటని అభ్యంతరం రావచ్చు. విశ్వాసం పాత్రను తగ్గించడం నా ఉద్దేశం కాదు. తొలి అడుగు దానిదే. కానీ మాల తీసిన మర్నాడు భక్తి ఎక్కడికీ పోదు, పటం గోడ మీదే ఉంటుంది. పోయేది చుట్టూ ఉన్నవారి కట్టుబాటు. పిలుపు పాత పిలుపవుతుంది, కట్ట మళ్లీ చేతికి వస్తుంది. ఇంతకంటే గట్టి అభ్యంతరం మరొకటి ఉంది: గడువు ఉంది కాబట్టే 41 రోజులు ఉండగలిగాడు, జీవితాంతం అంటే ఉండలేడు. ఇది నిజమే, నా వాదానికి బలమిచ్చే నిజం కూడా. "ఇక ఎప్పటికీ" అన్న మాట బరువు ఒక్కడూ మోయలేడు. గడువున్న మాటను నలుగురి ముందు ఇచ్చి, గడువు తీరాక నలుగురూ మళ్లీ అడిగితే, ఇష్టం మరో మండలానికి సాగుతుంది. మన దగ్గర మొదటి సగం ఉంది, రెండో సగం లేదు.

చుట్టూ ఉన్నవారి ప్రభావానికి అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ నుంచి ఒక ప్రసిద్ధ ఆధారం ఉంది. నికొలస్ క్రిస్టాకిస్, జేమ్స్ ఫౌలర్ 12,067 మంది మధ్య బంధాలను 1971 నుంచి 2003 వరకు పరిశీలించి, భార్యాభర్తల్లో ఒకరు మానితే రెండోవారు పొగతాగే అవకాశం 67 శాతం, స్నేహితుడు మానితే 36 శాతం తగ్గుతుందని 2008లో చూపారు. చిన్న సంస్థల్లో తోటి ఉద్యోగి మానినా 34 శాతం తగ్గింది. ఒకే స్వభావం గలవారే స్నేహితులవుతారని, అందుకే కలిసి మానినట్టు కనిపిస్తుందని గణాంకవేత్తలు విమర్శించారు. ఆ విమర్శలో పస ఉంది. ఈ శాతాలను అచ్చంగా ప్రభావమనే లెక్కలో వేసుకోకూడదు. కానీ దీక్షలో అదే మనిషి, అవే స్నేహాలు. మారింది వారి మధ్య నడవడి. ఎంపిక వల్ల కలిగే పొరపాటు ఇక్కడ చాలావరకు తగ్గుతుంది. అందుకే ఈ ప్రాంతపు ఉదాహరణకు శాస్త్రీయంగానూ విలువ ఉంది.

మరి జీవిత భాగస్వామి మద్దతు పెంచే కార్యక్రమాల మాటేమిటి? 2018 నాటి కాక్రేన్ సమీక్ష 14 ప్రయోగాలను కలిపి చూసి, వాటివల్ల మానేవారి సంఖ్య పెరిగినట్టు తేలలేదని చెప్పింది. ప్రోత్సాహం ఉత్తమాట అనడానికి దీన్ని వాడుకునేవారున్నారు. కానీ వాటిలో చాలా ప్రయోగాలు భాగస్వామి మద్దతునే పెంచలేకపోయాయి; పెరగని మద్దతు పనిచేయలేదనడం సరికాదు. అంతకుముందు షెల్డన్ కోహెన్, ఎడ్వర్డ్ లిక్టెన్‌స్టీన్ 1990లో గమనించిన విషయం మన ఇళ్లకు బాగా వర్తిస్తుంది: మెచ్చుకోళ్లకూ సణుగుళ్లకూ మధ్య పాళ్లు ఎలా ఉన్నాయన్నదే మానడంతో ముడిపడి ఉంది. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అన్న మాట మానాలన్న ఆలోచనను పంతంగా మారుస్తుంది. "పోయినసారి పది రోజులున్నావు కదా మామా, ఈసారి ఎప్పుడు మొదలుపెడదాం?" అన్న మాట నిర్ణయాన్ని అతని చేతిలోనే ఉంచి, తోడుంటానని చెబుతుంది. ఒక మాట తప్పక చెప్పాలి. మొగుడి బీడీ మాన్పించే బాధ్యతను భార్య నెత్తిన పెట్టడం తప్పు. బీడీ అందించేది పనిలో తోటివాడు. మారాల్సింది మొదట అతడు.

పొదిలి, కనిగిరిల్లో పొగాకు వేలం కేంద్రాలున్న జిల్లాలో పొగ మానమనడం రైతు కడుపు కొట్టడమే అన్న వాదన కూడా వినిపిస్తుంది. పొగాకు బోర్డు ఆధ్వర్యంలో ఇక్కడ అమ్ముడయ్యే వర్జీనియా సిగరెట్ల ఆకు, అందులో పెద్ద భాగం విదేశాలకు పోతుంది. పలకల గని కూలీ బీడీలో ఉండేది ఆ ఆకు కాదు. అతను మానినంత మాత్రాన బ్యారన్ ఆరిపోదు. రైతుకు ప్రత్యామ్నాయ పంట వేరే చర్చ, అది జరగాల్సిందే.

ఇక చేయగలిగినవి. క్షయ రోగికి ఆరు నెలల పాటు మందులు మింగించే తోడు మనిషి మన వైద్య వ్యవస్థలో ఎప్పటినుంచో ఉన్నాడు. అతను లేదా ఆశా కార్యకర్త ప్రతిసారీ బీడీ సంగతి కూడా అడగవచ్చు. మరింత సాయం కావాలంటే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయించవచ్చు. పలకల పనిలో మనిషిని విడిగా కాక ముఠాగా పలకరించాలి: అందరూ మానకపోయినా, మానుతున్నవాడికి బీడీ చాపబోమని అందరూ ఒప్పుకోవాలి. గురుస్వాములు మాల తీసేటప్పుడే, నెల తర్వాత కలిసే రోజు ఒకటి చెప్పి పంపవచ్చు. పరిశోధకులు కొలవాల్సింది కూడా ఇక్కడే ఉంది. మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల్లో కొన్ని దీక్షా బృందాలకు ఇలా మళ్లీ కలిసే ఏర్పాటు చేసి, కొన్నింటిని మామూలుగా వదిలి, ఆరు నెలలకు ఎవరు పొగకు దూరంగా ఉన్నారో చూడాలి. రెండు వర్గాల్లోనూ భక్తి ఒకటే, గడువు ఒకటే, నికోటిన్ ఒకటే. తేడా కనిపిస్తే అది అడిగే మనిషి వల్ల వచ్చిన తేడా అవుతుంది. కనిపించకపోతే ఈ వ్యాసంలోని వాదం తప్పని ఒప్పుకోవాలి.