వేషాల బేరం

శింగనమల చుట్టుపక్కల పద్యనాటకాలకు హార్మోనియం వాయిస్తూ ముసలివాణ్ణయినాను. జనాన్ని నాటకానికి ఎట్లా రప్పించాలని కుర్రవాళ్లు అడుగుతుంటారు. మా పల్లెల్లో టికెట్టు అమ్మింది ఎక్కడ? వేషాలు అమ్మేవాళ్లం.

టికెట్టు నాటకం బళ్లారి బాబులది. వకీలు ధర్మవరం రామకృష్ణమాచార్యులు అక్కడ సరస వినోదిని సభ పెట్టి, ప్లీడర్లకూ ఉద్యోగస్థులకూ రంగు పూయించాడు. నాటకాలోళ్లంటే చిన్నచూపున్న ఆ రోజుల్లో, పగలు కోర్టులో వాదించిన పెద్దమనిషి రాత్రి రాజై వస్తాడంటే అంతకు మించిన దండోరా ఏముంటుంది? 1891లో ఆ సభ మద్రాసులో ఆడితే, చూసిన తమిళ నాటకకర్త పమ్మల్ సంబంధ మొదలియారు అదే ఏడు సుగుణ విలాస సభ స్థాపించాడు.

పల్లెలో లెక్క వేరు. శెనక్కాయలు అమ్ముడుపోయి చేతిలో నాలుగు రూపాయలు ఆడితేనే డ్రామా మాట. వాన ఎగ్గొట్టిన ఏడు డ్రామా నేర్పే మాస్టరును పిలిచేవాడుండడు. వచ్చిన మాస్టరు ముందు చూసేది గొంతులు కాదు, డబ్బు పెట్టి వేషం కట్టేవాళ్లు ఎందరున్నారని. అందుకే తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు మాకు అంత గిరాకీ: అయిదుగురు పాండవులు, దుర్యోధనుడు, కర్ణుడు, ఇంకా సభ నిండా పెద్దలు. కాళ్లకూరివారి చింతామణి నాటకం ఎంత రక్తి కట్టినా వేషాలు తక్కువ, వాటా పంచుకునేవాళ్లు తక్కువ. కరపత్రంలో వేషధారి పేరు పక్కన తండ్రి పేరూ వేయిస్తే చాలు, ఆ ఇంటి వియ్యంకులు కూడా బండి కట్టుకొని దిగేవాళ్లు. సీన్లు, డ్రెస్సులు, బయటినుంచి వచ్చే ద్రౌపది, అన్నీ అద్దెకే. మిగతా ఖర్చు చదివింపులు పూడ్చాలి. పద్యం మధ్యలో నాటకం ఆపి, ఫలానా మామ అల్లుడికి అయిదు రూపాయలని అరిచేవాళ్లు. నాకు ఒళ్లు మండేది, కానీ నా కూలీ అందులోంచే.

ఈ బేరంలో అన్యాయమూ ఉంది. గొంతున్న కూలివాడికి భటుడి వేషం, శ్రుతి తెలియని ఆసామికి ధర్మరాజు. తెలివైన మాస్టర్లు దీనికో ఉపాయం పట్టారు: కృష్ణుణ్ణి ఇద్దరికి పంచేవాళ్లు. మొదటి కృష్ణుడు డబ్బిచ్చినవాడు. రాయబారానికి వచ్చే రెండో కృష్ణుడు మాత్రం ఊళ్లో బాగా పాడేవాడు, వాడి దగ్గర పైసా తీసుకునేది లేదు. వన్స్‌మోర్లు వాడికే, చదివింపులు కూడా అప్పుడే ఎక్కువ పడేవి.