పాఠం అందరికీ అందాలంటే: తరగతి గదిలో సహాయక సాంకేతిక పరిజ్ఞానం

హైదరాబాద్: చూపు, వినికిడి, చదివే తీరు, చేతి కదలిక వంటి అంశాల్లో భేదమున్న విద్యార్థులందరికీ తరగతి గదిలోని పాఠం సమానంగా చేరేందుకు ఉపకరించే పరికరాలను, సాఫ్ట్‌వేర్‌ను సహాయక సాంకేతిక పరిజ్ఞానంగా వ్యవహరిస్తారు. నగరంలోని అమీర్‌పేట, పంజాగుట్ట పరిసరాలకు ఈ రంగంలో మూడు దశాబ్దాలకు పైబడిన అనుభవం ఉంది. పరికరాన్ని సమకూర్చడంతో పాటు, ఆ పరికరం చదవగలిగే రూపంలో పాఠ్య సామగ్రిని సిద్ధం చేసినప్పుడే ఆశించిన ఫలితం లభిస్తుందని ఈ అనుభవం స్పష్టం చేస్తోంది.

అమీర్‌పేట, పంజాగుట్ట పరిసరాల్లోని సంస్థలు

అమీర్‌పేటను ఆనుకుని ఉన్న బేగంపేటలోని మయూర్ మార్గ్‌లో దేవనార్ అంధుల పాఠశాల ఉంది. నేత్ర వైద్యులు డాక్టర్ ఎ.సాయిబాబా గౌడ్ 1991లో నెలకొల్పిన దేవనార్ ఫౌండేషన్ ఈ పాఠశాలను ప్రారంభించింది. ఆయన సేవలకు గుర్తింపుగా కేంద్ర ప్రభుత్వం 2004లో పద్మశ్రీ పురస్కారం ప్రదానం చేసింది. పంజాగుట్టకు సమీపాన బంజారాహిల్స్‌లో 1987లో ప్రారంభమైన ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, చికిత్సతో పూర్తి చూపు తిరిగి రాని వారికి పునరావాస సేవలు అందిస్తోంది. అక్షరాలను పెద్దవిగా చూపే సాధనాల వినియోగం, మాట్లాడే సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్ శిక్షణ ఈ సేవల్లో భాగం. మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాలు సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలకు ప్రసిద్ధి చెందినందున, పాఠశాల విద్య ముగించిన యువతకు సైతం ఈ అంశం ముఖ్యమైనదే.

శ్రీకాంత్ బొల్లా ఉదంతం

మచిలీపట్నం ప్రాంతానికి చెందిన శ్రీకాంత్ బొల్లా దేవనార్ పాఠశాలలో విద్యాభ్యాసం చేశారు. పదో తరగతి పూర్తయిన అనంతరం ఇంటర్మీడియట్‌లో సైన్సు, గణితం చదవాలన్న ఆయన కోరికకు నాటి నిబంధనలు అడ్డుగా నిలిచాయి. పటాలు, గ్రాఫులు అధికంగా ఉండే ఈ సబ్జెక్టులను చూపులేని విద్యార్థులు చదవలేరన్నది అప్పటి భావన. దీనిపై న్యాయస్థానాన్ని ఆశ్రయించి, సుమారు ఆరు నెలల అనంతరం ఆయన అనుమతి పొందారు. ఒక ఉపాధ్యాయిని పాఠాలన్నింటినీ చదివి ధ్వనిముద్రణ చేసి ఇవ్వగా, వాటి సహాయంతో అభ్యసించి 98 శాతం మార్కులు సాధించారు. 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చేరారు. 2012లో హైదరాబాద్ కేంద్రంగా బొల్లాంట్ ఇండస్ట్రీస్‌ను స్థాపించారు. ఆయన జీవితం ఆధారంగా 2024లో హిందీ చలనచిత్రం విడుదలైంది.

సామర్థ్యం ఉన్న విద్యార్థికి పాఠం అందే మార్గం లేకపోవడమే ఇక్కడ ప్రధాన ఆటంకమైంది. ఒక ఉపాధ్యాయిని చేసిన ధ్వనిముద్రణ ఆ లోటును పూరించింది. ఈ ఏర్పాటు ఒక వ్యక్తి చొరవకే పరిమితం కాకుండా ప్రతి తరగతిలోనూ నిత్య విధానంగా అమలు కావలసి ఉంది.

తెలుగు పాఠానికి యూనికోడ్ ఆవశ్యకత

కంప్యూటర్ తెరపై ఉన్న అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను స్క్రీన్ రీడర్ అంటారు. ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ 2006లో ప్రారంభించిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా లభిస్తోంది. దానితో పాటు వచ్చే ఈస్పీక్ స్వరయంత్రం తెలుగును సైతం చదవగలదు. అందువల్ల సాఫ్ట్‌వేర్ ధర ఇప్పుడు ప్రధాన అవరోధం కాదు.

అసలు చిక్కు ఫైళ్ల తయారీలో ఉంది. తెలుగు డీటీపీలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అను వంటి పాత పద్ధతి ఫాంట్లలో తెరపై తెలుగు కనిపించినా, కంప్యూటర్ లోపల నమోదయ్యేవి వేరే సంకేతాలు. స్క్రీన్ రీడర్ ఆ సంకేతాలనే చదువుతుంది కనుక విద్యార్థికి అర్థం లేని శబ్దాలు వినిపిస్తాయి. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికి ప్రత్యేక సంకేతం ఉంది. 1991 నాటి తొలి వెర్షన్‌లోనే తెలుగుకు స్థానం లభించింది. పాత ఫాంట్లలోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చితే అదే ఫైలును వినవచ్చు, పెద్ద అక్షరాల్లో చూడవచ్చు, బ్రెయిలీలో ముద్రించవచ్చు. స్కాన్ చేసిన పేజీ కేవలం చిత్రమే కనుక, అక్షరాలను గుర్తించే ఓసీఆర్ ప్రక్రియ పూర్తిచేసి, తప్పులను సరిచూసిన తర్వాతే విద్యార్థులకు అందజేయాలి. పటాలకు క్లుప్తమైన వివరణ జోడించడం, ఉబ్బెత్తు రేఖలతో తాకి తెలుసుకునే ప్రతులు రూపొందించడం అవసరం.

వినికిడి, అభ్యసన అవసరాలు

శ్రవణ యంత్రం ఉపాధ్యాయుని మాటతో పాటు గదిలోని రణగొణ ధ్వనులను కూడా పెంచుతుంది. రద్దీ రహదారుల పక్కనున్న తరగతి గదుల్లో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. ఉపాధ్యాయుడు ధరించే చిన్న మైకు నుంచి స్వరం నేరుగా విద్యార్థి శ్రవణ యంత్రానికి చేరే ఏర్పాటు దీనికి పరిష్కారం. సంకేత భాష వాడే విద్యార్థులకు దుబాసీ, వీడియో పాఠాలకు తెరపై అక్షరాలు ఉండాలి. భారతీయ సంకేత భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2015లో ఏర్పాటైంది. పాఠ్యపుస్తకాలను సంకేత భాషలో రూపొందించేందుకు ఈ కేంద్రంతో ఎన్‌సీఈఆర్‌టీ 2020 అక్టోబరులో ఒప్పందం కుదుర్చుకుంది. డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకు చదువుతున్న పదాన్ని రంగులో చూపుతూ వినిపించే సాఫ్ట్‌వేర్, చేతి కదలిక పరిమితంగా ఉన్నవారికి మాటను అక్షరాలుగా మార్చే సాధనాలు ఉపయోగపడతాయి.

చట్టపరమైన బాధ్యత

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దివ్యాంగుల సంఖ్య 2.68 కోట్లు. 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉన్న దివ్యాంగుల హక్కుల చట్టం-2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నిర్ణీత స్థాయి వైకల్యమున్న విద్యార్థులకు 18 సంవత్సరాల వయసు వరకు పుస్తకాలు, అభ్యసన సామగ్రి, తగిన సహాయక పరికరాలను ఉచితంగా అందించాలని ఈ చట్టంలోని 17వ సెక్షన్ నిర్దేశిస్తోంది. దివ్యాంగులకు అనువైన రూపంలోకి పుస్తకాలను మార్చేందుకు కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ వెసులుబాటు కల్పించింది. ఆ విధంగా రూపొందిన పుస్తకాలను ఒకేచోట అందించే సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 ఆగస్టులో ప్రారంభమైంది.

ఉపాధ్యాయులు పాటించదగిన అంశాలు

పాఠం ఫైలును తరగతికి ముందే యూనికోడ్‌లో విద్యార్థులకు అందజేయాలి. బోర్డుపై రాసిన ప్రతి అంశాన్ని పైకి చదవాలి. ‘ఇది’, ‘అక్కడ’ అనే మాటలకు బదులు అంశం పేరు చెప్పాలి. విద్యార్థుల వైపు తిరిగి మాట్లాడాలి. కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో తెరపై చూపే ప్రోగ్రామును ఫైలు రూపంలో సైతం ఇవ్వాలి. వీటిలో అనేకం అదనపు వ్యయం లేకుండా అమలు చేయదగినవి. చూపులేని విద్యార్థి కోసం సిద్ధం చేసిన ఫైలు, ఆ రోజు తరగతికి రాలేకపోయిన విద్యార్థికీ అదే విధంగా ఉపకరిస్తుంది.