గోపన్న చేతిలో రూట్ యాక్సెస్

సర్వర్లు చూసుకునేవాళ్లు రామదాసు కథని ఒకసారి రిమోట్ అడ్మిన్ కథగా చదివి చూడండి.

గోల్కొండ నుంచి భద్రాచలం దాదాపు 300 కిలోమీటర్లు. చివరంతా అడవి, ఆపైన గోదావరి. 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు నేలకొండపల్లి కంచర్ల గోపన్న. మంత్రులు అక్కన్న మాదన్నలు ఆయనకి మేనమామలంటారు. శిస్తు వసూలు చేసేదీ ఆయనే, ఆ సొమ్ము చేతిలో ఉండేదీ ఆయనకే. అచ్చంగా రూట్ యాక్సెస్! 6 లక్షలు గుడికి పెట్టాడనీ, 12 ఏళ్లు ఖైదులో ఉన్నాడనీ కథ. అంకెల సంగతి అటుంచండి. అంత గుడి లేచేదాకా పైవాళ్లకి లెక్క అందలేదంటే తప్పు గోపన్నదొక్కడిదేనా? నాకైతే ఆ ఏర్పాటుదే అనిపిస్తుంది.

మన వైపు చూస్తే, టెల్నెట్‌లో పాస్‌వర్డు బాహాటంగా ప్రయాణించేది. 1995లో తన యూనివర్సిటీ నెట్‌వర్కులో ఎవరో పాస్‌వర్డులు కాజేశాక టాటు యులోనెన్ ఎస్ఎస్‌హెచ్ రాశాడు. దారిదొంగల బెడద తగ్గింది సరే, లోపలికొచ్చిన తహసీల్దారు మాటేంటి? అందరూ ఒకే రూట్‌తో దూరితే ఏ పని ఎవరు చేశారో లాగ్ చెప్పలేదు. అందుకే ఎవరి కీ వాళ్లకి, నేరుగా రూట్ లాగిన్ బంద్, అవసరమైతే సుడో. లాగ్ మాత్రం వేరే మెషీన్‌కి పోవాలి, లేకపోతే పాల్వంచ లెక్కలు పాల్వంచలోనే తనిఖీ చేసినట్టుంటుంది. ఓపెన్‌ఎస్ఎస్‌హెచ్ రూట్‌కి పాస్‌వర్డు లాగిన్ డిఫాల్టుగా ఆపింది 2015లో గానీ కాదు.

అన్నట్టు, కథలో రామలక్ష్మణులు రాత్రికి రాత్రి వచ్చి బాకీ కట్టేసి ఊరికే పోరు, తానీషా చేత రసీదు రాయించుకుంటారు. మర్నాడు గోపన్న దగ్గర దొరికింది ఆ కాగితమే.