తవ్వే చేయి ఆగినచోట

ఇంగ్లండ్ తూర్పు భాగంలోని సఫోక్ కౌంటీలో హాక్సన్ ఒక చిన్న పల్లె. 1992 నవంబర్‌లో అక్కడి రైతు పీటర్ వాట్లింగ్ సుత్తి పొలంలో ఎక్కడో జారిపోయింది. వెతికిపెట్టమని మిత్రుడు ఎరిక్ లాస్‌ను అడిగాడు. తోటమాలిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న లాస్ దగ్గర పదవీ విరమణ కానుకగా వచ్చిన మెటల్ డిటెక్టర్ ఉంది. 16వ తేదీన దాన్ని నేల మీద ఆడిస్తూ నడుస్తుంటే ఒకచోట గట్టిగా మోగింది. తవ్వితే వెండి చెంచాలు, బంగారు నగలు, నాణేలు గుప్పెళ్లకొద్దీ పైకొచ్చాయి.

లాస్ గొప్పతనం ఆ తరువాతి క్షణంలో ఉంది. అతను తవ్వడం ఆపేశాడు. భూమి యజమానులకు, పోలీసులకు కబురు చేశాడు. మర్నాడే పురావస్తు నిపుణులు వచ్చి మిగిలినదంతా జాగ్రత్తగా వెలికితీశారు. 14,865 రోమన్ నాణేలు, సుమారు 200 బంగారు, వెండి వస్తువులు లెక్కకొచ్చాయి. ఏ వస్తువు పక్కన ఏది ఉందో చెదరలేదు కాబట్టి, అదంతా ఒక కొయ్య పెట్టెలో పొందికగా సర్దిన సంపద అని తెలిసింది. అందులో మిరియాల పొడి పోసుకునే వెండి పాత్రలు కూడా ఉన్నాయి. రోమన్లు ఓడల్లో తెప్పించుకున్న మిరియాలు దక్షిణ భారతదేశపు పంట. ప్రభుత్వం ఆ నిధికి 17.5 లక్షల పౌండ్ల విలువ కట్టి ఇచ్చిన బహుమతిలో లాస్ రైతుకూ వాటా పంచాడు. పోయిన సుత్తీ దొరికింది. అది ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది.

మెటల్ డిటెక్టర్ పుట్టింది నాణేల కోసం కాదు, ఒక ప్రాణం కోసం. 1881 జూలైలో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్‌పై హత్యాయత్నం జరిగింది. తూటా శరీరంలోనే ఉండిపోయింది. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ విద్యుత్ తీగచుట్టలతో ఒక యంత్రం తయారుచేసి, తూటా ఎక్కడుందో పట్టుకోవాలని ప్రయత్నించాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు అడ్డుపడ్డాయి. పైగా వైద్యుడు శరీరం కుడివైపు మాత్రమే వెతకనిచ్చాడు; తూటా ఉన్నది ఎడమవైపు. గార్‌ఫీల్డ్ సెప్టెంబర్‌లో చనిపోయాడు.

జర్మనీ నుంచి అమెరికా వెళ్లిన ఇంజనీర్ గెర్హార్డ్ ఫిషర్ 1937లో లోహాన్వేషణ యంత్రానికి పేటెంట్ పొందాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పోలండ్ సైనికాధికారి యూజెఫ్ కొసాత్స్కీ స్కాట్లండ్‌లో ఉంటూ, సైనికుడు చేత్తో పట్టుకు నడవగలిగే మందుపాతరల డిటెక్టర్‌ను రూపొందించాడు. పేటెంట్ తీసుకోకుండా దాన్ని బ్రిటిష్ సైన్యానికి ఇచ్చేశాడు. 1942లో ఎల్ అలమైన్ యుద్ధంలో ఎడారి ఇసుకలో దారి తెరిచింది ఆ పరికరమే. యుద్ధం ముగిశాక సైన్యానికి అక్కరలేని డిటెక్టర్లు మామూలు జనం చేతికొచ్చాయి. ట్రాన్సిస్టర్లు వచ్చాక బరువూ ధరా తగ్గాయి. 1970ల నాటికి బ్రిటన్‌లో సెలవు రోజున డిటెక్టర్ భుజాన వేసుకుని పొలాలకు వెళ్లడం వేలమందికి హాబీ అయింది.

ఆ హాబీకి ఓపిక కావాలి. తీగచుట్టలో కరెంటు పారితే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దాని పరిధిలోకి లోహం వస్తే క్షేత్రం చెదురుతుంది, ఆ చెదరడం చెవికి మోతగా వినబడుతుంది. మోగింది రోమన్ దీనారమో, సోడా సీసా మూతో యంత్రం కచ్చితంగా చెప్పలేదు. చిన్న నాణెమైతే జానెడు లోతు దాటితే అందడమే కష్టం. ఎక్కువ రోజులు మేకులు, రేకులు, ట్రాక్టర్ బోల్టులే దొరుకుతాయి. అయినా రెండువేల ఏళ్ల కిందట ఎవరి చేతి నుంచో జారిన నాణేన్ని మళ్లీ మొదటిసారి ముట్టుకునే భాగ్యం కోసం జనం వానలోనూ నడుస్తారు.

పురావస్తు శాస్త్రవేత్తలకు ఈ ఉత్సాహం గుండెకోతగా కనిపించింది. మట్టిపొర నుంచి పెరికిన నాణెం తేదీ చెబుతుంది. అది ఏ గోడ పక్కన, ఏ కుండ కింద ఉందో చెప్పదు. 1979 చట్టం రక్షిత కట్టడాల స్థలాల్లో అనుమతి లేకుండా డిటెక్టర్ వాడడాన్ని నేరం చేసింది. మరుసటి ఏడాది ‘మా గతాన్ని ఎత్తుకుపోవడం ఆపండి’ అంటూ ప్రచారోద్యమం సాగింది. అది హాబీదారులందరినీ దొంగల గాటన కట్టింది. నిజాయతీపరులు కూడా దొరికింది చెప్పడం మానేశారు.

ఇంతలో సర్రే కౌంటీలోని వాన్‌బరో దగ్గర, రోమన్ కాలపు గుడి ఉన్నచోట 1980ల మధ్యలో దోపిడీదారులు రాత్రివేళ చొరబడి వేలాది నాణేలు తవ్వుకుపోయారు. దొరికినవారిని శిక్షించడానికి చట్టం చాలలేదు. పాత నియమం ప్రకారం నిధి అనిపించుకోవాలంటే అది బంగారమో వెండో అయ్యుండాలి, దాచినవాడు తిరిగి తీసుకోవాలనే దాచాడని కూడా రుజువు కావాలి. గుడిలో దేవుడికి సమర్పించినదైతే? కేసు వీగిపోతుంది. స్థానిక పురావస్తు సంఘం ఏళ్ల తరబడి పోరాడింది. ఫలితంగా 1996లో నిధుల చట్టం వచ్చింది, మరుసటి ఏడాది సెప్టెంబర్ నుంచి అమలైంది. నిధి అనుకున్నదాన్ని 14 రోజుల్లోగా కరోనర్ అనే అధికారికి తెలపాలి. మ్యూజియం తీసుకుంటే బహుమతి సొమ్ము కనుగొన్నవాడికీ భూయజమానికీ వాటాలుగా అందుతుంది. అదే 1997లో, చట్టం పరిధిలోకి రాని చిన్నచిన్న వస్తువులనూ స్వచ్ఛందంగా నమోదు చేయించుకునే పథకం మొదలైంది. బ్రిటిష్ మ్యూజియం నడిపే ఆ పట్టికలో నేడు 15 లక్షలకు పైగా వస్తువులున్నాయి. వాటిలో అత్యధికం డిటెక్టర్ పట్టినవారు తెచ్చినవే.

హాబీదారులకూ పురావస్తు శాస్త్రవేత్తలకూ మధ్య కుదిరిన ఈ రాజీ విలువ ఎంతో 2010 ఏప్రిల్‌లో సోమర్సెట్ కౌంటీలోని ఫ్రోమ్ దగ్గర తేలింది. ఆసుపత్రి వంటవాడు డేవ్ క్రిస్ప్‌కు ఒక పొలంలో కుండ అంచు, దాని లోపల నాణేలు కనిపించాయి. అచ్చంగా లంకెబిందె. చేయి పెట్టి తోడుకోకుండా అతను గుంత పూడ్చి అధికారులకు చెప్పాడు. నిపుణులు కుండను పొరలుపొరలుగా ఖాళీ చేశారు. 52,503 నాణేలు, సుమారు 160 కిలోల బరువు. బ్రిటన్‌లో ఒకే కుండలో దొరికిన అతిపెద్ద రోమన్ నాణేల రాశి అది.

అసలు కథ పొరల్లో బయటపడింది. క్రీ.శ. 286లో బ్రిటన్‌ను చేజిక్కించుకుని తానే చక్రవర్తినన్న కరౌసియస్ నాణేలు ఆ రాశిలో చాలావరకు కొత్తవి. ఎవరైనా ఏళ్ల తరబడి దాచుకుంటూ పోతే అవి పైన ఉండాలి. కానీ ఎక్కువభాగం కుండ కిందిసగంలో ఉన్నాయి. అంటే కొద్దికొద్దిగా దాచింది కాదు, ఒక్కసారిగా కుమ్మరించింది. అంత బరువుతో ఆ పలుచని కుండను ఎత్తడం సాధ్యం కాదు కనుక ముందు కుండను నేలలో నిలిపి, ఆపైన నాణేలు పోశారు. తిరిగి తీసుకునే ఉద్దేశం లేని ఒక సమష్టి మొక్కుబడి కావచ్చని పరిశోధకులు ఊహించారు. క్రిస్ప్ అరగంట ఆత్రపడి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

ఆత్రపడితే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 2015లో హెర్‌ఫర్డ్‌షైర్‌లో ఇద్దరు వ్యక్తులు దాదాపు 300 నాణేలున్న వైకింగ్ కాలపు నిధిని కనుగొని, చెప్పకుండా అమ్ముకున్నారు. వాటిలో చాలావరకు తిరిగి దక్కలేదు. నాటి ఇంగ్లండ్‌లోని వెసెక్స్ రాజు ఆల్‌ఫ్రెడ్, మెర్సియా రాజు చెయోల్‌వుల్ఫ్ మిత్రులుగా ఉన్నారనడానికి సాక్ష్యం తిరిగి దక్కిన కొద్ది నాణేల్లోనూ ఉంది. మిగతావి ఏం చెప్పేవో ఇక తెలియదు. 2019లో కోర్టు వారికి సుదీర్ఘ జైలుశిక్షలు వేసింది.

ఈ విషయంలో తెలుగు నేలకూ పాత చట్టమే ఉంది. 1878 నాటి భారత నిధుల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువగల పాతిపెట్టిన సొత్తు దొరికితే కలెక్టర్‌కు తెలపాలి. ప్రభుత్వం తీసుకుంటే లోహపు విలువతో పాటు అందులో అయిదోవంతు అదనంగా చెల్లించాలి. చెప్పినవాడికి హక్కు ఉంది, దాచినవాడికి శిక్ష ఉంది. అయినా గుప్తనిధుల పేరుతో డిటెక్టర్లు పట్టుకుని నంది విగ్రహాల కింద, పాడుబడ్డ గుళ్లలో గుంతలు తవ్వే ముఠాల వార్తలు ఆగడం లేదు. విరిగిన నంది కింద బంగారం దొరకదు. శాసనం మాత్రం పోతుంది.

మంచి ఉదాహరణలూ మన దగ్గరే ఉన్నాయి. గోదావరి ఒడ్డున కోటిలింగాలలో స్థానికులు ఏరిన నాణేలు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితుల చేతికి చేరాయి కనుకే శాతవాహన తొలి రాజు శ్రీముఖుడి పేరున్న నాణేలు వెలుగుచూశాయి, ఆ వంశపు ఆరంభాలపై చర్చ కొత్త మలుపు తిరిగింది. 2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరి తవ్వకాల్లో ఒకే కుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయినీ చిహ్నం. అవి బౌద్ధ స్థలపు మట్టిపొరలోనే, నిపుణుల కళ్లముందే బయటపడ్డాయి కాబట్టి ఇక్ష్వాకుల కాలపు చరిత్రలో వాటి స్థానం పదిలం.

దుక్కిలోనో, ఇంటి పునాదిలోనో పాత కుండ తగిలితే పార పక్కన పెట్టండి. నాణేన్ని చింతపండుతో తోమకండి, కంసాలి దగ్గరకు పట్టుకెళ్లకండి. దొరికిన చోటుకు ఫోటో తీసి, ఒక గుర్తు పాతి, తహసీల్దారు కార్యాలయానికి కబురు చేయండి.