రక్షకుని మొలలోని కత్తి

హైదరాబాదు నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల అవుటర్ రింగు రోడ్డుపై, సంగారెడ్డి జిల్లాలో, కొల్లూరు కూడలి కలదు. ఒక ప్రక్క రామచంద్రపురమునందలి భారీ విద్యుత్ పరికరముల కర్మాగారము. మరికొంత దూరమున పటాన్‌చెరు, పాశమైలారము పారిశ్రామికవాడలు. ఊరిచెంత 2023 జూన్ 22వ తేదీన ప్రారంభమైన 15,660 ఇండ్ల బహుళాంతస్తుల కాలనీ. ఒకప్పుడు రైతు నడుమున కొడవలి దోపుకొని పొలమునకు నడచిన నేలమీద నేడు రేయింబవళ్ళు లారీలు, కార్లు, బస్సులు పరుగిడుచున్నవి.

ఇట్టి చోట ప్రమాదము జరిగినపుడు మొదట చేరుకొన్న రక్షకుని మొలలో ఏ పనిముట్టు ఉండవలెను? ఇది చిన్న ప్రశ్నవలె తోచును. కాని దీనికి సమాధానము చెప్పుటకు మానవజాతి రెండువేల యేండ్లు ప్రాణములు వెచ్చించి నేర్చుకొన్నది. ఆ కథను సంగ్రహముగా మనవి చేయదలచితిమి.

ముందుగా మన పల్లెనుండియే ఆరంభింతము. పూరిండ్లు అధికముగా నుండిన దినములలో వేసవి గాడ్పునకు ఒక కొంప అంటుకొన్నచో వాడ వాడంతయు బూడిద యగుచుండెను. నీరు తోడి పోయువారు పోయుచుండగనే మరి రెండు పనులు తక్షణము జరుగవలసియుండెను. కొట్టములోని పశువుల పలుపులు కోసి వాటిని విడిచిపెట్టుట మొదటిది. ముడి విప్పుటకు వ్యవధి చాలదు. బెదరిన పశువు లాగినకొలది ముడి మరింత బిగిసికొనును. మంట ప్రాకకమునుపే ప్రక్కయింటి కప్పు కట్లు కోసి, గడ్డిని కొక్కెపు గడలతో లాగివేయుట రెండవది. ఈ రెండు పనులకును అక్కరకు వచ్చినది కొడవలి. దాని పదును లోపలి వంపున నుండును. త్రాడును ఆ వంపులోనికి తెచ్చుకొని తనవైపు లాగినచో త్రాడు తెగును. పశువు మెడకు గాయము కాదు. ఈ లోవంపు మర్మమును శ్రోతలు జ్ఞప్తియందుంచుకొందురు గాక. మరల దీనితో మనకు పని యున్నది.

రోము నగరమున అగస్టస్ చక్రవర్తి క్రీ. శ. 6వ సంవత్సరమున అగ్నిప్రమాదములను ఎదుర్కొనుటకు ఒక దళమును నెలకొల్పెను. వారు రాత్రులయందు బొక్కెనలతోడను, ‘దొలాబ్రా’ అను పనిముట్టుతోడను గస్తీ తిరుగుచుండిరి. దొలాబ్రాకు ఒకవైపు గొడ్డలి, రెండవవైపు గునపపు మొన. తలుపు నరుకుటకు ఒకటి, గోడ పెకలించుటకు ఒకటి. పరుగెత్తువాడు రెండు పనిముట్లు మోయలేడు గనుక రెంటిని ఒకే పిడికి తగిలించిరి. నేడు మల్టీటూల్ అని మనము పిలుచుదాని మూలసూత్రము ఇదియే. 1666లో లండను తగులబడినపుడును అచ్చటివారికి ప్రధానసాధనము మన పల్లెటూరి కొక్కెపు గడయే. అయితే ఇండ్లు కూల్చుటకు నగరాధిపతి మొదట జంకుటచే అమూల్యమైన సమయము గడచిపోయెను. పనిముట్టు ఉన్నంతమాత్రమున చాలదు. సమయమునకు దానిని ఉపయోగించు నిశ్చయమును ఉండవలెను.

1910 ఆగస్టు 20వ తేదీన అమెరికాలోని ఐడహో అడవులు కార్చిచ్చున మండుచుండగా, ఎడ్వర్డ్ పులాస్కీ అను అటవీరక్షకుడు 40 మందికి పైగా నున్న తన దళమును ఒక గని సొరంగములోనికి నడిపించి, వారిలో అత్యధికుల ప్రాణములు నిలిపెను. పిమ్మట గొడ్డలిని, మన్ను త్రవ్వు పారను ఒకే తలకు చేర్చిన పనిముట్టును ఆతడు ప్రచారములోనికి తెచ్చెను. అది నేటికిని ఆతని పేరనే వ్యవహరింపబడుచున్నది. 1948లో న్యూయార్కు అగ్నిమాపక అధికారి హ్యూ హాలిగన్ చీలిక, వాదర, మొన మూడును గల ఉక్కు కడ్డీని రూపొందించెను. మూసిన తలుపును పెకలించుటలో దానికి నేటికిని గొప్ప పేరు.

జేబుకత్తి చరిత్ర వేరు. స్విట్జర్లాండు దేశస్థుడు కార్ల్ ఎల్సెనర్ సైనికుల నిమిత్తము మడతకత్తిని సిద్ధపరచి, 1897లో అధికారుల కత్తికి హక్కుపత్రము పొందెను. ఆహారపు డబ్బా తెరచుట, తుపాకి మరలు విప్పుట దాని ముఖ్యప్రయోజనములు. 1975లో పాత కారులో ఐరోపాలో పర్యటించిన టిమ్ లెదర్‌మన్ అను అమెరికను, జేబుకత్తికి పటకారు లేని లోటును గుర్తించి, యేండ్ల తరబడి శ్రమించి 1983లో పటకారుతో కూడిన మల్టీటూల్‌ను విపణిలో ప్రవేశపెట్టెను. ఈ రెండును తీరికగా కూర్చుండి చేయు మరమ్మతులకై పుట్టినవని గమనింపవలెను. మంటలో, పొగలో, మందపు చేతితొడుగులు వేసికొన్న మనిషికై పుట్టినవి కావు.

మోటారు వాహనము కొత్త సంకటమును తెచ్చిపెట్టెను. 1959లో వోల్వో సంస్థకు చెందిన నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బంధముల సీటు బెల్టు లెక్కకు మిక్కిలి ప్రాణములు కాపాడినది. కాని కారు తలక్రిందులైనపుడు ఆ బెల్టే కొక్కెమువద్ద బిగిసి, మనిషిని వ్రేలాడదీయును. అచ్చట మొనగల కత్తి ప్రయోగించుట అపాయకరము. జారినచో బెల్టుకు బదులు మనిషిని కోయును. అందులకే పదును లోవంపున దాగియుండి, వ్రేలు సోకని కొక్కెపు కత్తిని రక్షకులు చేపట్టిరి. శ్రోతలు గుర్తించియే యుందురు: ఇది మన కొడవలియే! పశువు పలుపు కోసిన సూత్రమే నేడు మనిషి బెల్టు కోయుచున్నది.

మన రాష్ట్రములలో ఈ విషయము కేవలము పుస్తకజ్ఞానము కాదు. 2013 అక్టోబరు 30వ తేదీన బెంగుళూరునుండి హైదరాబాదు వచ్చుచున్న బస్సు పాలెము వద్ద కల్వర్టును ఢీకొని తగులబడగా 45 మంది ఆహుతియైరి. 2025 అక్టోబరు 24వ తేదీ తెల్లవారుజామున హైదరాబాదునుండి బెంగుళూరు పోవుచున్న బస్సు కర్నూలు సమీపమున చిన్నటేకూరు వద్ద అగ్నికి గురికాగా 19 మంది ప్రయాణికులు మరణించిరి. ఆనాడు బయటపడినవారిలో పలువురు కిటికీ అద్దములు పగులగొట్టుకొని దుమికినవారే. ఒక చిన్న సుత్తె దూరమున జీవన్మరణములు నిలిచియుండుట ఇంతకంటె స్పష్టముగా ఎట్లు తెలియును?

ఇక ఎంపిక మాట. అగ్నిమాపకునకైనను, వాహనము నడపు గృహస్థునకైనను ఈ క్రింది లక్షణములు ముఖ్యములని మా అభిప్రాయము. పనిముట్టు ఒంటిచేతితో, తొడుగు ధరించిన చేతితో తెరచుటకు వీలుగా ఉండవలెను. తెరచిన అలుగు గట్టిగా నిలుచు తాళముండవలెను. లేనిచో అది మడచుకొని వ్రేళ్ళమీదికే వచ్చును. అలుగు కొన మొద్దుగాను, అంచు కొంత రంపపు పండ్లతోను ఉండుట మేలు. నార, బెల్టు, త్రాడు జారక తెగును. పిడి మెరయు రంగులో నున్నచో చీకటిలో జారిపడినను కనబడును. కొక్కెపు కత్తియు, అద్దము పగులగొట్టు గట్టి మొనయు విడిగా అందుబాటులో ఉండవలెను. పదునెనిమిది పరికరములున్న కత్తిలో కావలసినదానిని వెదకుటకు ఆపత్సమయము అవకాశమీయదు.

వాడుక తెలియని పనిముట్టు బరువే. ప్రక్క కిటికీలకు సాధారణముగా నుండు టఫెన్డ్ అద్దమును నడుమ గాక మూలను కొట్టవలెను. అది రవ్వలుగా రాలును. ముందరి లామినేటెడ్ అద్దమునందు నడుమ ప్లాస్టిక్ పొర ఉండుటచే అది రాలదు. దానిని రంపముతో కోయవలసినదే. బెల్టును కోయుటకు ముందు మీట నొక్కి చూడవలెను. కోయునపుడు వ్రేలాడు మనిషిని ఒకరు ఆనుకొని పట్టుకొనవలెను, లేనిచో మెడమీద పడును. లోహపు పిడిగల మల్టీటూల్‌తో విద్యుత్తీగను ముట్టరాదు.

కత్తికి హద్దులు గలవని మరువరాదు. 2025 జూన్ 30వ తేదీన పాశమైలారములోని ఒక ఔషధసంబంధ కర్మాగారమున ప్రేలుడు సంభవించి కట్టడము కూలినపుడు ఏబదిమందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. అట్టి శిథిలములముందు మొలలోని కత్తి ఏమి చేయగలదు? అచ్చట యంత్రములు కావలెను. అంతకుముందే జాగ్రత్త కావలెను. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ‘ఫోర్ట్ స్టికిన్’ నౌక ప్రేలినపుడు 66 మంది అగ్నిమాపకులు అసువులు బాసిరి. నాటి స్మృత్యర్థమే యేటేట ఏప్రిల్ 14న అగ్నిమాపకదినము జరుపుకొనుచున్నాము. వారికి గొడ్డళ్ళు లేక కాదు. ఆ ఓడలో ప్రత్తి బేళ్ళతోపాటు ప్రేలుడు పదార్థములును నింపియుండుటయే ఆ ఘోరమునకు మూలము.

కనుక ఈ రాత్రి బస్సెక్కబోవు శ్రోతలు అత్యవసరద్వారము ఎచ్చటనున్నదో, సుత్తె ఎచ్చట వ్రేలాడుచున్నదో ఒక్కసారి చూచి కూర్చుందురు గాక. కారుగలవారు కొక్కెపు కత్తిని అడుగున పెట్టెలో గాక, బెల్టు పెట్టుకొనియున్నను చేయి అందు తావున ఉంచుదురు గాక. పూర్వము రైతు కొడవలిని చూరున దోపినదియు అందుకే: చీకటిలోనైనను చేయి చాచిన అందవలెనని.