సైనికుడా, గూఢచారా? అమెరికా అంతర్యుద్ధంలో ఒక వివాదం

అమెరికా అంతర్యుద్ధం (1861–65) తొలి రెండేళ్లలో, పట్టుబడిన శత్రు సైనికుడిని సాధారణంగా యుద్ధఖైదీగా ఉంచి, తర్వాత ఖైదీల మార్పిడిలో విడిచిపెట్టేవారు. గూఢచారిగా రుజువైనవాడికి మాత్రం ఉరి. మరి యూనిఫారం లేకుండా శత్రు ప్రాంతంలో పట్టుబడిన సైనికుడు ఈ రెండింటిలో ఏ కోవకు వస్తాడు? ఒక ఉదాహరణ చూద్దాం.

1862 ఏప్రిల్ 12న జార్జియాలోని బిగ్ షాంటీ స్టేషన్‌లో రైలు ఆగగానే సిబ్బంది, ప్రయాణికులు ఫలహారానికి దిగారు. అదే రైల్లో పౌరదుస్తుల్లో వచ్చిన 20 మంది ‘జనరల్’ అనే ఇంజన్‌నూ, మూడు పెట్టెలనూ విడదీసుకుని ఉత్తర దిశగా పరుగు తీయించారు. నాయకుడు జేమ్స్ ఆండ్రూస్ పౌరుడు. మిగిలినవారిలో దాదాపు అందరూ ఒహాయో దళాల సైనికులు. అట్లాంటా, చట్టనూగా నగరాల మధ్య వంతెనలను తగలబెట్టి, టెలిగ్రాఫ్ తీగలు తెంపాలన్నది పథకం. వానకు వంతెనలు అంటుకోలేదు. దక్షిణ పక్షపు రైల్వే సిబ్బంది వెంటపడ్డారు. సుమారు 140 కిలోమీటర్ల తర్వాత ఇంజన్ ఆగిపోయింది. రైలు అందుకోలేకపోయిన ఇద్దరితో కలిపి మొత్తం 22 మంది పట్టుబడ్డారు. (1926లో బస్టర్ కీటన్ తీసిన ‘ది జనరల్’ సినిమాకు ఆధారం ఈ ఘటనే. అందులో కథానాయకుడు దక్షిణాది వాడు!)

తాము అధికారి ఆజ్ఞపై వచ్చిన సైనికులమనీ, వచ్చింది రహస్యాలు సేకరించడానికి కాదనీ ఖైదీలు వాదించారు. వాదనలో బలం లేకపోలేదు. వారు సమాచారం మోసుకుపోలేదు, ఇంజన్ మోసుకుపోయారు. అయినా దక్షిణ సైనిక న్యాయస్థానం మారువేషాన్నే లెక్కలోకి తీసుకుంది. ఆండ్రూస్‌ను జూన్ 7న, మరో ఏడుగురిని జూన్ 18న అట్లాంటాలో ఉరితీశారు. అక్టోబరులో ఎనిమిది మంది జైలునుంచి తప్పించుకున్నారు. మిగిలిన ఆరుగురు 1863 మార్చిలో ఖైదీల మార్పిడిలో విడుదలయ్యారు.

ఆ ఆరుగురికే మార్చి 25న ఉత్తర ప్రభుత్వం ‘మెడల్ ఆఫ్ ఆనర్’ ఇచ్చింది. ఆ పతకం చరిత్రలో అవే మొదటివి. ఆండ్రూస్ పౌరుడు కావడంతో దానికి అర్హుడు కాలేదు. విద్యార్థులు ఇక్కడ ఒక తేదీ గమనించాలి. నెల తిరగకుండానే, ఏప్రిల్ 24న, అదే ప్రభుత్వం ఫ్రాన్సిస్ లీబర్ రూపొందించిన యుద్ధ నియమావళిని జారీ చేసింది. సైన్యపు హద్దుల్లోకి దొంగచాటుగా చొరబడి వంతెనలు కూల్చే, టెలిగ్రాఫ్ తీగలు తెంపే శత్రు ప్రాంతపు వ్యక్తులకు యుద్ధఖైదీ హక్కులు ఉండవని దాని 84వ అధికరణం చెబుతుంది! తమవారు చేస్తే సాహసమైన పని, ఎదుటివారు చేస్తే నేరమైంది.

ఈ నియమావళిలోని 99వ అధికరణం ప్రకారం, యూనిఫారంలో ఆయుధంతో ఉండి, తన సైన్యానికి చెందిన ఒక విభాగం నుంచి మరో విభాగానికి లేఖలు చేరవేస్తూ దొరికిన సైనికుడు యుద్ధఖైదీయే. ఆ ఏడాది నవంబరులో టెనెస్సీలో ఉత్తర సైన్యానికి దొరికిన 21 ఏళ్ల దక్షిణ సైనికుడు శామ్ డేవిస్ దగ్గర సైనిక సమాచారం ఉన్న కాగితాలు బయటపడ్డాయి. అతడు గూఢచారి కాదు, వార్తాహరుడేనని దక్షిణాదివారి వాదన. కాగితాలు ఇచ్చినవారి పేరు చెబితే ప్రాణం దక్కుతుందని జనరల్ డాడ్జ్ ఆశ చూపాడు. డేవిస్ చెప్పలేదు. నవంబరు 27న పులాస్కి పట్టణంలో అతడిని ఉరితీశారు.