అడగందే లెక్కలైనా చెప్పరు

మా నాన్నకి ఇంటిపన్ను కట్టే రోజంటే పెద్ద కార్యక్రమమే. పాత రసీదులన్నీ సంచిలో వేసుకుని మునిసిపాలిటీ ఆఫీసుకి వెళ్ళేవారు. డబ్బు కట్టి ఊరుకోకుండా, "మా వీధి కాలువ సంగతేం చేశారండీ" అని గుమాస్తాని అడిగి మరీ వచ్చేవారు. కాలువ బాగుపడిందా లేదా అన్నది వేరే సంగతి.

డబ్లిన్‌లో ఇల్లు కొన్నాక నాకూ ఆ యోగం పట్టింది. ఇక్కడ మన ఇల్లు ఎంత చేస్తుందో మనమే చెప్పి పన్ను కట్టాలి. సరే, చెప్పాను, కట్టాను. కట్టింది మాత్రం నగరపాలక సంస్థకి కాదు, దేశం మొత్తానికీ పన్నులు వసూలు చేసే రెవెన్యూ శాఖకి. మరి కాలువ సంగతి ఎవర్నడగాలి? ఈ సందేహం పట్టుకుని వెనక్కి వెళ్తే వందేళ్ళ కథ తేలింది.

స్వతంత్రం వచ్చిన రెండేళ్ళకే, 1924 మేలో, ఐర్లండు ప్రభుత్వం డబ్లిన్ కార్పొరేషన్‌ని రద్దు చేసింది. పాలన సరిగ్గా లేదంటూ విచారణ జరిపించి, ఎన్నికైనవాళ్ళని ఇంటికి పంపి, ముగ్గురు కమీషనర్లని కూర్చోబెట్టింది. ఆరేళ్ళు అలాగే గడిచాయి. 1930లో కౌన్సిల్ తిరిగొచ్చింది, ఆల్ఫీ బర్న్ మేయరయ్యాడు. కానీ పాత అధికారాలు తిరిగి రాలేదు. ఉద్యోగులు, కాంట్రాక్టులు, రోజువారీ పనులు అన్నీ సిటీ మేనేజరనే కొత్త అధికారి చేతికి వెళ్ళాయి. మన మునిసిపల్ కమీషనరు గుర్తొస్తున్నాడు కదూ? కౌన్సిలర్లకి ముఖ్యంగా మిగిలింది బడ్జెట్‌ని ఆమోదించి, ఇంటిపన్ను రేటు ఖరారు చెయ్యడం.

ఆ మిగిలినదాన్ని 1969లో గట్టిగా వాడి చూశారు. పన్ను రేటు ఖరారు చెయ్యమని మొండికేశారు. మంత్రి కెవిన్ బోలండ్ కౌన్సిల్‌నే రద్దు చేశాడు. మళ్ళీ కొన్నేళ్ళు కమీషనర్ పాలన!

అసలు మలుపు ఆ తర్వాత వచ్చింది. 1977 ఎన్నికల్లో ఫియన్నా ఫాయిల్ పార్టీ ఇళ్ళ మీద పన్ను ఎత్తేస్తామంది. గెలిచింది. 1978లో ఎత్తేసింది కూడా. ఆ లోటు ప్రభుత్వ గ్రాంటుతో పూడుస్తామన్నారు. జనం సంతోషించారు, నేనున్నా సంతోషించేవాణ్ణే. కానీ నా ఉద్దేశంలో లంకె తెగింది అక్కడే. ఇంటాయన కట్టేది లేదు కాబట్టి లెక్క అడగడు. నగరం ప్రతి ఏడూ ప్రభుత్వం ముందు చెయ్యి చాచాలి.

అయితే కౌన్సిలర్ల చేతిలో ఇంకో అధికారం ఉంది. ఏ పొలంలో ఇళ్ళు కట్టుకోవచ్చో, ఎక్కడ షాపింగ్ సెంటర్ రావచ్చో ఓటేసి తేల్చేది వాళ్ళే. చెయ్యెత్తితే చాలు, పొలం ఖరీదు ఎన్నో రెట్లయిపోతుంది. ఆ లాభం ఏ బడ్జెట్ పుస్తకంలోనూ కనపడదు. నగరం చుట్టూ ఉన్న డబ్లిన్ కౌంటీలో ఈ ఓట్ల చుట్టూ డబ్బు తిరుగుతోందని ఊరంతా గుసగుసలే. రుజువులు మాత్రం లేవు.

1995 జూలైలో ఇద్దరు పౌరులు, మైకేల్ స్మిత్, కోల్మ్ మక్ ఓహీ, ఐరిష్ టైమ్స్‌లో ఒక ప్రకటన వేయించారు. లంచాలపై శిక్ష పడేంత సమాచారమిస్తే 10,000 పౌండ్ల బహుమతి! తమ పేర్లు బయటపెట్టకుండా, సరిహద్దు అవతల న్యూరీ ఊళ్ళో ఒక లాయర్ల ఆఫీసు ద్వారా వేయించారు. అలా బయటికొచ్చినవాడు జేమ్స్ గోగర్టీ అనే రిటైరైన ఇంజనీరు. 1997 నవంబరులో ట్రిబ్యునల్ వేశారు. అది 2012 మార్చిలో తుది నివేదిక ఇచ్చేసరికి పద్నాలుగేళ్ళు దాటిపోయాయి. కౌన్సిలర్లకి లంచాలిచ్చానని ఒప్పుకున్న ఫ్రాంక్ డన్‌లప్ 2009లో జైలుకెళ్ళాడు.

తమాషా ఏమిటంటే, ఆ ట్రిబ్యునలే గోగర్టీ చెప్పిన కొన్ని విషయాల్ని ఆరోపణలెదుర్కొంటున్నవాళ్ళకి చూపించలేదు. 2010లో సుప్రీంకోర్టు అది తప్పంది. ఆయన సాక్ష్యంతో చేసిన కొన్ని నిర్ధారణల్ని తర్వాత వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. దాపరికం మీద వేసిన విచారణలోనే దాపరికం!

ఈలోగా 1997లో సమాచార హక్కు చట్టం వచ్చింది, 1998 అక్టోబరు నుంచి స్థానిక సంస్థలకీ వర్తించింది. 2003లో దానికి రుసుము పెట్టారు. దరఖాస్తుకి 15 యూరోలు, అక్కడే పునఃపరిశీలన కోరితే 75, పైకి అప్పీలుకెళ్తే 150. దరఖాస్తులు బాగా తగ్గిపోయాయి. మన దేశంలో 2005లో వచ్చిన చట్టం కింద కేంద్ర ప్రభుత్వానికి దరఖాస్తు రుసుము పది రూపాయలే. ఇక్కడ ఆ 15 యూరోలు 2014 చట్టంతో పోయాయి.

2013లో ఇంటిపన్ను మళ్ళీ వచ్చింది. 2015 నుంచి దాన్ని 15 శాతం దాకా పెంచే, తగ్గించే హక్కు కౌన్సిళ్ళకిచ్చారు. డబ్లిన్ మొదటి ఏడాదే 15 శాతం తగ్గించింది. ముందు నేనూ "భలే" అనుకున్నాను. తర్వాత తోచింది, 1978లో జనం అనుకున్నదీ ఇదేగా! తగ్గినంత మేరా నగరం మళ్ళీ పైవాళ్ళ వైపే చూడాలి.

ఇప్పుడు 20,000 యూరోలు దాటిన కొనుగోళ్ళ వివరాలు మూణ్ణెల్లకోసారి ప్రకటిస్తున్నారు. అడగటానికి దారులున్నాయి. స్థానిక ఎన్నికల్లో ఓటెయ్యడానికి ఐర్లండు పౌరసత్వం కూడా అక్కర్లేదు, ఇక్కడ నివసిస్తూ పేరు నమోదు చేయించుకుంటే చాలు. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. ఇన్నేళ్ళున్నా నేనూ నమోదు చేయించుకోలేదు. "మన ఊరు కాదుగా" అనే బద్ధకం.

నిన్న ఫోన్లో నాన్నకి ఈ కథంతా చెప్పాను. మొత్తం విని, "అన్నీ బానే ఉన్నాయిరా, ఇంతకీ మీ వీధి కాలువ సంగతి అడిగావా?" అన్నారు.

అడగలేదు. ఈ వారం ఓటరుగా నమోదయ్యే ఫారం నింపి, మా కౌన్సిలరుకి ఉత్తరం రాస్తున్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా.